స్టేషన్‌కి బండి తీయక్కర్లేదు

తాడేపల్లి నుంచి రోజూ గుంటూరు వెళ్లేవాళ్లు కొందరు బండి మీద ప్రకాశం బ్యారేజీ దాటి, బెజవాడ జంక్షన్‌లో రైలెక్కుతుంటారు. ఊళ్లోనే కృష్ణా కెనాల్ స్టేషన్ ఉంది కదండీ! అక్కడ ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఆగవు, ప్యాసింజర్ టైములు చూసుకుని బయల్దేరండి.

నడిచేంత దగ్గర కాకపోతే, అదే రైలుకి వెళ్లే మరో ఇద్దరు ముగ్గుర్ని కలుపుకుని, స్కూలు పిల్లలకి మాట్లాడినట్టే నెలకింతని ఆటో మాట్లాడుకోండి. పొద్దున రైలు టైము, సాయంత్రం తిరుగు రైలు టైము కాగితం మీద రాసి డ్రైవరుకివ్వండి. రైలు లేటైతే ఫోన్ చేసి చెప్పండి, పాపం ఆయనా ఎదురుచూస్తాడు. రోజూ బేరమాడే పని ఉండదు, పార్కింగ్ డబ్బులు మిగులుతాయి, సాయంత్రం ఎండకి కాలిపోయిన సీటు మీద కూర్చునే బాధా తప్పుతుంది. మంగళగిరి, నంబూరు వాళ్లూ ఇలాగే చేయొచ్చు. సీజన్ టికెట్ ఇంటి దగ్గరే ఫోన్‌లో తీసేసుకోండి.