ట్యాబ్ చూసి బేస్ గిటార్‌పై ఫంక్ వాయించడం: ముందు నోటితో, తరువాత వేలితో

ట్యాబ్ అంటే తీగలను గీతలుగా, వేలి స్థానాలను అంకెలుగా చూపే రాత. ఫంక్ అంటే లయే ప్రాణమైన అమెరికన్ సంగీత శైలి. బేస్ గిటార్‌కు నాలుగు తీగలు, ట్యాబ్‌లో నాలుగు గీతలు. వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని కిందికి చూస్తే నేలకు దగ్గరగా కనిపించే సన్నని జి తీగ ట్యాబ్‌లో అన్నిటికన్నా పై గీత, మనకు దగ్గరగా ఉండే లావుపాటి ఇ తీగ అట్టడుగు గీత. గీత మీది అంకె ఏ ఫ్రెట్ (వాద్యం మెడ మీది అడ్డపట్టీ) దగ్గర నొక్కాలో చెబుతుంది. సున్నా ఉంటే తీగను నొక్కకుండా మీటాలి. ఇంతవరకు తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు. అయితే వేలు ఎక్కడ పెట్టాలో ఇంత స్పష్టంగా చెప్పే ట్యాబ్, స్వరం ఎప్పుడు మొదలవ్వాలో సగమే చెబుతుంది, ఎప్పుడు ఆగాలో దాదాపు చెప్పదు. ఫంక్ అంతా ఆ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది.

నేను మొదట్లో అంకెలన్నీ కంఠస్థం చేసి, డ్రమ్స్ వాయించే మిత్రుడి దగ్గర కూర్చున్నాను. రెండు ఆవర్తాలు కాగానే అతను ఆపి, ఆ వరుసను నోటితో పలకమన్నాడు. పలకలేకపోయాను. ఆ రోజు నుంచి ఏ ట్యాబ్ తీసుకున్నా ముందు నోటితో పలికి, ఆ తరువాతే వాద్యం చేతిలోకి తీసుకుంటున్నాను.

మృదంగం విన్నవారికి ఈ పద్ధతి సులభంగా పట్టుబడుతుంది. ఫంక్‌లో ఒక బార్‌కు, అంటే ఒక ఆవర్తానికి, సాధారణంగా నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బలో నాలుగు భాగాలు, అంటే మన చతురశ్ర నడకలోని తకధిమి. చేత్తో తాళం వేస్తూ నాలుగుసార్లు తకధిమి అంటే పదహారు గళ్ళు వస్తాయి. అభ్యాసం కోసం నేను రాసుకున్న ఈ చిన్న వరుసలో ఒక్కో గడి ఒక్కో అక్షరం.

జి |----|----|----|----|
డి |----|--2×|----|0---|
ఎ |----|----|----|--2-|
ఇ |0-×0|----|-03-|----|

మొదటి దెబ్బలో త దగ్గర ఇ తీగను మీటాలి. అది క అంతా మోగి, ధి దగ్గర ఆగాలి. ఆ × గుర్తు మౌనం కాదు. ఎడమచేతి వేళ్ళను తీగ మీద నొక్కకుండా ఆనించి కుడిచేత్తో మీటితే వచ్చే పొడి చప్పుడు. మి దగ్గర మళ్ళీ ఇ మోగుతుంది. రెండో దెబ్బ త దగ్గర ఏమీ లేదు. ఆ ఖాళీలోకి ముందరి స్వరం పాకితే వరుస మొత్తం బరువెక్కిపోతుంది. నొక్కిన స్వరాన్ని వేలు సడలించి ఆపవచ్చు కాని, నొక్కకుండా మీటిన తీగను చేయి తగిలించి ఆపితే తప్ప ఆగదు. కొత్తవారి వాయిద్యం గజిబిజిగా వినిపించడానికి చాలాసార్లు ఇదే కారణం. అందుకే ఈ ఒక్క దెబ్బ మీదే ఒక పూట గడిపినా నష్టం లేదని నా అభిప్రాయం.

మొదటి దెబ్బ సంగతి మరింత ముఖ్యం. ఫంక్‌కు రూపమిచ్చిన అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ తన బృందాన్ని నడిపించిన సూత్రాన్ని సంగీతకారులు ‘ద వన్’ అంటారు. బార్‌లోని మొదటి దెబ్బ మీద అందరూ బలంగా కలవాలి, మిగిలిన చోట ఎవరి దారిలో వారు తిరిగి రావచ్చు. 1970లో ఆయన బృందంలో చేరిన బేస్ వాద్యకారుడు బూట్సీ కాలిన్స్ అక్కడే ఈ పాఠం నేర్చుకున్నారు. మన తాళంలో సమానికి ఉన్న విలువ లాంటిదే ఇది.

లయకు టిక్కులు కొట్టే పరికరం మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 టిక్కుల దగ్గర పెట్టి మొదలుపెట్టండి. తప్పు లేకుండా వరుసగా ఎనిమిదిసార్లు వచ్చాకే ఐదు పెంచండి. 80 దగ్గర స్థిరపడ్డాక మెట్రోనోమ్‌ను 40కి తగ్గించి, ఆ టిక్కులను రెండో, నాలుగో దెబ్బలుగా భావించి వాయించండి. మొదటి దెబ్బను మీరే మోయవలసి వస్తుంది కనుక, లయ ఎక్కడ జారుతోందో వెంటనే బయటపడుతుంది.

పాటల ట్యాబ్‌లలో టి అంటే బొటనవేలి దెబ్బ, పెద్ద అక్షరం పి అంటే తీగను వేలితో పైకి లాగి వదలడం. చిన్న అక్షరం పి మాత్రం పుల్-ఆఫ్, అంటే నొక్కిన వేలిని తీగ మీద నుంచి లాగుతూ తీసి కింది స్వరాన్ని మోగించడం. ఈ రెండింటినీ కలిపేసుకోకండి. ఈ స్లాప్ పద్ధతికి ఆద్యుడిగా పేరున్న అమెరికన్ బేస్ వాద్యకారుడు లారీ గ్రాహమ్ తన తల్లితో కలిసి వాయించే రోజుల్లో, డ్రమ్మర్ లేని లోటు తీర్చడానికి కిక్ డ్రమ్‌కు (కాలితో మోగించే పెద్ద డ్రమ్) బదులు బొటనవేలితో కొట్టి, స్నేర్‌కు (పదునుగా పలికే చిన్న డ్రమ్) బదులు తీగను లాగేవారు. కనుక స్లాప్ ట్యాబ్ చదివేటప్పుడు టి ఉన్న చోట కిక్‌ను, పి ఉన్న చోట స్నేర్‌ను మనసులో వినండి. బొటనవేలు ఫ్రెట్‌బోర్డు చివర తీగను తాకి వెంటనే వెనక్కి రావాలి, అక్కడే ఆగిపోతే స్వరం మూగబోతుంది. బలం భుజం నుంచి కాదు, తాళంచెవి తిప్పినట్టు మణికట్టు తిరగడం నుంచి వస్తుంది.

ట్యాబ్ రాసినవారు వేలి స్థానం తప్పుగా రాసే అవకాశమూ ఉంది. డి తీగ రెండో ఫ్రెట్, ఎ తీగ ఏడో ఫ్రెట్, ఇ తీగ పన్నెండో ఫ్రెట్ ఒకే స్వరాన్ని ఇస్తాయి కాని నాదం మారుతుంది. చేయి అనవసరంగా దూరం గెంతవలసి వస్తోందంటే, అదే స్వరం దగ్గరలో మరో తీగపై ఉందేమో వెతికి, అసలు రికార్డింగ్‌తో పోల్చి చూడండి. చివరగా మీ వాయిద్యాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, మొదటిసారి స్వరాలను పట్టించుకోకుండా ఖాళీలు శుభ్రంగా ఉన్నాయా లేదా అన్నది మాత్రమే వినండి. ఏ గడిలో చప్పుడు మిగిలిపోయిందో ఆ గడికి తిరిగి వెళ్ళి, 60 దగ్గర మళ్ళీ మొదలుపెట్టండి.