థాయ్‌లాండ్ దీవి ఫుకెట్‌లో ఒక రోజంతా ఖాళీగా గడపడం ఎలా?
ముందు ఫోన్‌ని రూమ్ లాకర్లో పడేయండి. మా ఆయన కటా బీచ్‌కి వచ్చి కూడా ఆఫీసు మెసేజ్‌లే చూస్తూ కూర్చున్నారు.

ఎనిమిదికల్లా నీళ్లలోకి దిగితే ఎండ బాధ ఉండదు. మే నుంచి అక్టోబరు దాకా అలల జోరెక్కువ. ఎర్రజెండా ఉంటే అసలు దిగొద్దు. సన్‌స్క్రీన్ పాదాలకీ రాయండి. నేను మర్చిపోయా; చెప్పుల పట్టీల కింద తప్ప పాదమంతా కమిలిపోయింది.

మధ్యాహ్నం పచ్చి బొప్పాయి తురుముతో చేసే సోమ్ తమ్ తినండి. కారం మనకి సరిపోతుంది. చేప సాస్, ఎండురొయ్యలు వేస్తారు కాబట్టి శాకాహారులైతే ముందే చెప్పండి. తర్వాత ఓ కునుకు.

సాయంత్రం ఆరింటికి మళ్లీ ఇసుకలోకి రండి. వైజాగ్‌లో సముద్రంలోంచి పైకొచ్చే సూర్యుణ్ణే చూసిన మాకు, అదే సూర్యుడు నీళ్లలోకి దిగిపోవడం కొత్త.