శ్రమ దినాలు మొదలయ్యేలోపు చూసుకోవాల్సినవి

ఈస్టర్‌కు ముందు వచ్చే 40 రోజుల శ్రమ దినాలు మొదలయ్యే భస్మ బుధవారం దగ్గర పడింది. ఉపవాస ప్రార్థనలకు కూర్చునే ముందు ఇవి చూసుకోండి.

• షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం ఉండొద్దు. తిండి మానేసి మందు వేసుకుంటే షుగర్ పడిపోయి స్పృహ తప్పొచ్చు. "ప్రభువు చూసుకుంటాడు" అని సొంతంగా మందు ఆపేయడమూ ప్రమాదమే. కేథలిక్ సంఘంలో ఉపవాస నియమం 18 నుంచి 59 ఏళ్లవాళ్లకే, జబ్బుతో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. అలాంటివాళ్లు సీరియళ్లు మానేసినా చాలు, అదేం తక్కువ త్యాగం కాదు!

• 40 రోజుల లెక్కలో ఆదివారాలు కలపరు. క్యాలెండర్‌లో 46 రోజులవుతుంది, దాన్నిబట్టి ప్లాన్ చేసుకోండి.

• ప్రార్థన టైము ముందే ఖాయం చేసుకోండి. "వీలున్నప్పుడు" అనుకుంటే రాత్రి పదకొండవుతుంది, మోకాళ్ల మీదే కునుకు పడుతుంది.

• ఫోన్ వేరే గదిలో పెట్టండి. బైబిల్ వాక్యం కోసం తెరిస్తే వాట్సాప్ లాగేస్తుంది.

• ఉపవాసం సంగతి స్టేటస్‌లో వద్దు. తల అంటుకొని, ముఖం కడుక్కొని రహస్యంగా ఉండమన్నాడు యేసు (మత్తయి 6:17, 18).

• ఎవరితోనైనా మాటల్లేకపోతే ముందు వెళ్లి సమాధానపడండి. లేదంటే కళ్లు మూసుకున్న ప్రతిసారీ ఆ గొడవే గుర్తొస్తుంది.