నెగెటివ్ పలచనా, చిక్కనా? బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి మీ సొంత డెవలప్‌మెంట్ టైమ్ పట్టుకోవడం

ఫిల్మ్ కంపెనీ చార్టులో ఉన్న టైమ్ ప్రకారమే డెవలప్ చేసి కడిగాను, అయినా నెగెటివ్ సరిగ్గా రాలేదు. ఇంట్లో రీళ్లు కడిగేవాళ్లలో ఈ మాట అనుకోని వాళ్లు ఉండరు. చార్టు తప్పు కాదు. హెచ్‌పీ5 ప్లస్ అనే తమ 400 ఐఎస్ఓ ఫిల్మ్‌కి ఐడీ-11 డెవలపర్‌లో (బొమ్మని బయటికి తెచ్చే మందు) నీళ్లు కలపకుండా అయితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు, సగానికి సగం నీళ్లు కలిపితే 13 నిమిషాలు అని ఇల్ఫోర్డ్ ఇచ్చింది. అది వాళ్ల థర్మామీటరుతో, వాళ్లు ట్యాంకు తిప్పిన తీరుతో వచ్చిన అంకె. మీ థర్మామీటరు వేరు, మీ చెయ్యి వేరు, మీ కెమెరా మీటరు వేరు. అందుకే ఆ అంకెతో మొదలుపెట్టి, మీ నెగెటివ్ చెప్పినదాన్ని బట్టి దాన్ని సవరించుకోవాలి. నెగెటివ్ ఏం చెబుతోందో తెలియకుండా టైమ్ మాత్రం ముట్టుకోకండి.

ముందు అంచు చూడండి

ఆరిన నెగెటివ్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టుకోగానే అందరి కళ్లూ బొమ్మ మీదికే పోతాయి. మీరు మాత్రం ముందు అంచున ఉన్న ఫ్రేమ్ నంబర్లు, ఫిల్మ్ పేరు చూడండి. ఆ అక్షరాల మీద వెలుతురు పడింది ఫ్యాక్టరీలో. మీ కెమెరాకీ, మీ మీటరుకీ వాటితో సంబంధం లేదు. అవి ఎంత నల్లగా వచ్చాయన్నది మీ డెవలప్‌మెంట్ మీదే ఆధారపడుతుంది. ఒక్కో కంపెనీ ఫిల్మ్‌కి ఈ అక్షరాల నలుపు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, అదే రకం ఫిల్మ్‌లో బాగా వచ్చిన పాత రీలు ముక్క ఒకటి పక్కన పెట్టుకుని పోల్చండి. అలాంటి ముక్క ఒకటి దాచుకుంటే ఏ చార్టూ అంత పనికిరాదు.

ఇంకో సంగతి కూడా పట్టుకోవాలి. నెగెటివ్‌లో అంతా తలకిందులు: దృశ్యంలోని వెలుగులు నల్లగా, నీడలు పలచగా వస్తాయి. నీడల్లో వివరం వచ్చేదీ రానిదీ చాలావరకు షట్టర్ నొక్కినప్పుడే తేలిపోతుంది. డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచితే పెరిగేది ముఖ్యంగా వెలుగుల నలుపు, అంటే వెలుగుకీ నీడకీ మధ్య తేడా (కాంట్రాస్ట్).

నెగెటివ్ మొత్తం పలచగా ఉంది

అంచు అక్షరాలు మామూలుగా నల్లగా ఉండి, బొమ్మల్లో నీడలు గాజులా ఖాళీగా ఉంటే అది ఎక్స్‌పోజర్ (తీసేటప్పుడు ఫిల్మ్ మీద పడిన వెలుతురు) తక్కువ కావడమే. ఈ రోగానికి టైమ్ పెంచడం మందు కాదు. తర్వాతి రీలుకి మీటరులో ఐఎస్ఓ తగ్గించండి: 400 ఫిల్మ్ అయితే 250 లేదా 200 పెట్టి తీయండి. 400 ఫిల్మ్‌ని 1600 దగ్గర తీసి 'పుష్' చేసినప్పుడు, అంటే టైమ్ పెంచి కడిగినప్పుడు, ప్రింటులో నీడలు నల్లగా పూడుకుపోయేది కూడా ఇందుకే. అలా తీసిన హెచ్‌పీ5 ప్లస్‌ని ఐడీ-11లో నీళ్లు కలపకుండా 14 నిమిషాలు ఉంచితే మధ్య టోన్లు లేస్తాయి గానీ, ఫిల్మ్ మీద పడని వెలుతురుని ఏ డెవలపరూ తీసుకురాలేదు.

అంచు అక్షరాలు కూడా వెలిసిపోయినట్టు ఉంటే డెవలప్‌మెంట్ తక్కువైంది. కారణాల్లో ఎక్కువగా కనపడేవి మూడు. ట్యాంకులో పోసేటప్పటికి డెవలపర్ చల్లగా ఉండటం ఒకటి. సీసాలో సగం గాలితో నెలల తరబడి ఉండి డెవలపర్ నీరసపడటం రెండోది: కలిపిపెట్టిన డీ-76 (కొడాక్ డెవలపర్) నిండు సీసాలో గట్టిగా మూత పెడితే ఆరు నెలలు, సగం సీసాలో అయితే రెండు నెలలే నిలుస్తుంది. మూడోది, నీళ్లు కలిపాక రీలుకి సరిపడా అసలు మందు లేకపోవడం. డీ-76ని సగానికి సగం కలిపి, 36 ఫ్రేముల రీలుకి సుమారు 240 మిల్లీలీటర్లే పోస్తే టైమ్ 10 శాతం పెంచమని కొడాక్ సూచన. 470 దాకా పోయగలిగితే ఆ బాధ లేదు.

అంచు అక్షరాలే లేకపోతే డెవలపర్ పూర్తిగా చచ్చిపోయింది, లేదా చీకట్లో ఫిక్సర్ (డెవలపర్ తర్వాత పోసి బొమ్మని నిలిపే మందు) సీసా ముందు చేతికొచ్చింది. ఆ రీలు ఇక దక్కదు. అందుకే నేను ప్రతిసారీ రీలు కడిగే ముందు కత్తిరించిన ఫిల్మ్ నాలుక (రీలు మొదట్లో బయటికి ఉండే కొస) ముక్కని మామూలు వెలుతురులోనే డెవలపర్‌లో వేసి చూస్తాను. రెండు మూడు నిమిషాల్లో బొగ్గులా నల్లబడితే మందు బతికే ఉంది. బూడిద రంగు దగ్గరే ఆగిపోతే పారబోస్తాను. అక్షరాలు చక్కగా ఉండి ఫ్రేములు ఒక్కటీ లేకపోతే మాత్రం డెవలపర్‌ని అనుమానించకండి. కెమెరాలో ఫిల్మ్ ముందుకు కదిలిందో లేదో, షట్టర్ తెరుచుకుందో లేదో చూసుకోండి.

వెలుగులు మూసుకుపోయాయి

ఆకాశం, తెల్లచొక్కా ఉన్నచోట నెగెటివ్ నల్లటి రేకులా ఉంది, స్కాన్‌లో అక్కడ ఏ వివరమూ రావడం లేదు. దీనికి పాతకాలం పరీక్ష ఒకటుంది, ఇప్పటికీ పనికొస్తుంది. మంచి వెలుతురులో నెగెటివ్‌ని అచ్చు కాగితం మీద పరవండి. అన్నిటికన్నా నల్లటి భాగం కిందనుంచి అక్షరాలు కష్టపడి అయినా చదవగలిగితే సరే. అస్సలు కనపడకపోతే ఎక్కువైంది.

ఏది ఎక్కువైంది? మళ్లీ అంచుకే రండి. అంచు అక్షరాలు మామూలుగా ఉండి ఫ్రేమ్ నీడలతో సహా చిక్కగా ఉంటే ఎక్స్‌పోజర్ ఎక్కువైనట్టు. అంచు అక్షరాలే లావెక్కి, చుట్టూ కాస్త చెదిరినట్టు ఉంటే డెవలప్‌మెంట్ ఎక్కువైనట్టు.

నాకు వరసగా నాలుగు రీళ్లు ఇలాగే వచ్చాయి. టైమ్ తగ్గిస్తూ పోయాను గానీ కారణం తెలియలేదు. చివరికి ఒక గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు తీసుకుని, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరునీ, ఫిల్మ్ థర్మామీటరునీ కలిపి ముంచాను. జ్వరం థర్మామీటరు 37 చూపిస్తుంటే రెండోది 35 దగ్గరే ఆగింది. అంటే నేను 20 అనుకుని కడిగిన ప్రతి రీలూ దాదాపు 22 దగ్గర ఉడికింది. సగానికి సగం కలిపిన ఐడీ-11లో 13 నిమిషాలు కావాల్సిన హెచ్‌పీ5 ప్లస్‌కి 22 దగ్గర సుమారు 11 చాలు, 24 దగ్గర 9. లెక్కకి డిగ్రీకి పది శాతం చొప్పున అనుకోవచ్చు. అయిదు నిమిషాల కంటే తగ్గించాల్సి వస్తే మాత్రం వద్దు, అంత తక్కువ టైమ్‌లో ఫిల్మ్ మీద మరకలు, చారలు పడతాయి. నీళ్లు ఎక్కువ కలిపి టైమ్ పెంచుకోండి.

గది వేడిగా ఉన్నప్పుడు ఇంకో మోసం జరుగుతుంది. పోసేటప్పుడు 20 ఉన్న మందు 13 నిమిషాల తర్వాత 22కి పోతుంది. పారబోసేటప్పుడు కూడా ఒకసారి కొలిచి, మధ్య అంకెని లెక్కలోకి తీసుకోండి. ట్యాంకుని అదే వేడిమి ఉన్న నీళ్ల బకెట్‌లో నిలబెడితే ఈ సమస్య చాలావరకు పోతుంది.

టైమ్‌కి సంబంధం లేనివి

ఫిల్మ్ పాలలా తెల్లగా ఉంటే ఫిక్సర్ చాలలేదు. వెలుతురులోనే మళ్లీ ఫిక్సర్‌లో వేయండి, ముక్క పారదర్శకం కావడానికి పట్టే సమయానికి రెట్టింపు ఉంచితే సరిపోతుంది. ఫిల్మ్ అంచున ఉండే స్ప్రాకెట్ రంధ్రాల దగ్గర చారలు మరీ జోరుగా తిప్పడం వల్ల వస్తాయి. చిన్న గుండ్రటి పారదర్శక చుక్కలు గాలి బుడగలవి, పోయగానే ట్యాంకుని బల్లకి రెండుసార్లు తట్టండి. ఒక అంచు వెంబడి పొడుగునా పలచటి పట్టీ ఉంటే మందు రీలు మునిగేంత పోయలేదు.

మీ సొంత టైమ్

ముందు మీ అలవాట్లని కదలకుండా కట్టేయండి. ట్యాంకు తిప్పడం ఎలాగైనా సరే, ఎప్పుడూ ఒకేలా ఉండాలి. ఇల్ఫోర్డ్ చెప్పేది మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో నాలుగుసార్లు తలకిందులు చేయమని. టైమర్ పోయడం మొదలుపెట్టగానే నొక్కుతారా, పూర్తయ్యాక నొక్కుతారా అన్నది కూడా ఒక్కటే పద్ధతి పెట్టుకోండి.

తర్వాత ఒక రీలుని దీనికే కేటాయించండి. ఎండా నీడా రెండూ ఉన్న ఒకే దృశ్యాన్ని, కెమెరా స్టాండు మీద నుంచి కదలకుండా, రీలు పొడుగునా తీయండి. ప్రతి మూడు ఫ్రేములకీ ఎక్స్‌పోజర్ మార్చండి: మీటరు చెప్పినది, ఒక స్టాప్ ఎక్కువ (రెట్టింపు వెలుతురు), ఒక స్టాప్ తక్కువ (సగం వెలుతురు), మళ్లీ అదే వరస. చీకట్లో రీలుని మూడు ముక్కలుగా కత్తిరించి, ఒకదాన్ని చార్టు టైమ్‌కీ, ఒకదాన్ని 20 శాతం తక్కువకీ, ఇంకోదాన్ని 20 శాతం ఎక్కువకీ కడగండి. కోతలో ఒకటి రెండు ఫ్రేములు పోతాయి, పోనివ్వండి.

మూడు ముక్కలనీ పక్కపక్కన పరిచి, మొదట నీడలు చూడండి. నీడల్లో మీకు కావలసిన వివరం మొదటిసారి కనపడిన ఎక్స్‌పోజరే మీ ఐఎస్ఓ. ఆ ఎక్స్‌పోజర్ ఉన్న ఫ్రేముల్లో ఇప్పుడు వెలుగులు చూడండి. మీరు వాడే స్కానర్‌లో గానీ ఎన్లార్జర్‌లో (కాగితం మీద ప్రింటు వేసే యంత్రం) గానీ ఎక్కడ వెలుగులు సులువుగా వచ్చాయో ఆ ముక్క టైమే మీది. కటకాలతో వెలుతురుని గురిపెట్టే కండెన్సర్ ఎన్లార్జర్ కాంట్రాస్ట్ పెంచుతుంది కాబట్టి దానికి తక్కువ టైమ్ నప్పుతుంది, వెలుతురుని చెదరగొట్టే డిఫ్యూజన్ ఎన్లార్జర్‌కి కాస్త ఎక్కువ కావాలి. స్కానింగ్‌కి కొంచెం పలచటి నెగెటివే హాయి.

రెండు ముక్కల మధ్య తేల్చుకోలేకపోతే మధ్య టైమ్ పెట్టి మామూలు రీలు ఒకటి కడగండి. ఇక అక్కడి నుంచి సవరణ పది శాతానికి మించకూడదు, ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఫిల్మ్, మీటరులో పెట్టిన ఐఎస్ఓ, డెవలపర్, కలిపిన నీళ్లు, పోసినప్పటి వేడిమి, పారబోసినప్పటి వేడిమి, టైమ్: ఈ ఏడూ ఒక కాగితం మీద రాసి, ఆ నెగెటివ్ స్లీవ్‌లోనే పెట్టండి. పుస్తకం వేరే చోట ఉంటే, ఆర్నెల్ల తర్వాత ఏ పేజీ ఏ రీలుదో వెతుక్కోవాల్సి వస్తుంది.