చీకట్లో చేతికి అందాలి: రాత్రి వేటకి దిగేవాళ్ళకి

మాది భైరవపాలెం. గౌతమి గోదావరి సముద్రంలో కలిసే చోటు, దాన్నే మేం మొగ అంటాం. ఇరవై రెండేళ్ళుగా ఫైబర్ బోటు నడుపుతున్నాను. 32 అడుగుల బోటు, మనుషులం అయిదుగురం. సాయంత్రం మొగ దాటి వెళ్తాం, వల వేసి రాత్రంతా దాన్ని కాచుకుని ఉంటాం, తెల్లారాక తిరిగొస్తాం. ఈమధ్య మా ఊళ్ళో కుర్రాళ్ళు కొందరు సొంత బోట్లు తీసుకుని రాత్రి వేటకి దిగుతున్నారు. వాళ్ళు అడిగినప్పుడల్లా చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ఎనిమిదేళ్ళ కిందట కార్తీకమాసంలో, రాత్రి రెండు గంటలప్పుడు వల లాగుతుంటే మా బావమరిది కాలికి తాడు చుట్టుకుని నీళ్ళలో పడిపోయాడు. అమావాస్య ముందు రోజులు, పక్కవాడి మొహం కూడా కనపడని చీకటి. లైఫ్ జాకెట్లు అయిదూ బోటులోనే ఉన్నాయి, ఐసు పెట్టె వెనకాల, తాళ్ళ కట్టల కింద. టార్చి ఉంది, ఎవరి సంచిలో ఉందో ఎవరికీ తెలియదు. అందరం ఒకేసారి అరుస్తుంటే వాడి గొంతు ఏ వైపు నుంచి వస్తోందో వినపడలేదు. వాడు వలని తేల్చే బెండ్ల తాడు పట్టుకోవడం వల్ల బతికాడు. మేం ఆ తాడునే చేత్తో లాక్కుంటూ వెళ్ళి అందుకున్నాం. వాడిని పైకి లాగాక చాలాసేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఆ రాత్రి నుంచి మా బోటులో ఒకటే పద్ధతి. చీకట్లో చేతికి అందనిది బోటులో లేనట్టే లెక్క. ప్రతి వస్తువుకీ ఒక చోటు ఉంటుంది, వాడాక అది మళ్ళీ అక్కడికే రావాలి. నెలకోసారి రేవులో బోటు కట్టి ఉన్నప్పుడు ఒక్కొక్కరి కళ్ళకి తువ్వాలు కట్టి, "టార్చి ఏది? కత్తి ఏది? లంగరు తాడు కొస ఏది?" అని అడుగుతాను. తడుముకోకుండా చెయ్యి నేరుగా వెళ్ళాలి. మొదటిసారి బోటులో పనిచేసే కళాసీలు నవ్వారు. ఇప్పుడు కొత్తవాడు వస్తే వాళ్ళే కళ్ళకి తువ్వాలు కడుతున్నారు.

జాకెట్ దాచుకునే వస్తువు కాదు, తొడుక్కునేది. వల లాగేటప్పుడు అడ్డమని అంటారు, నిజమే. అందుకే నురుగు నింపిన లావుపాటివి మానేసి, చేతులు బాగా ఆడే రకం తీసుకున్నాం. నడుం పట్టీ బిగించకపోతే నీళ్ళలో పడగానే అది మెడ మీదుగా పైకి జారిపోతుంది. దానికి ఒక ఈల తాడుతో కట్టి ఉండాలి. నోట్లో నీళ్ళు పోతున్న మనిషి కేక వెయ్యలేడు, ఈల మాత్రం ఊదగలడు. భుజాల మీద టార్చి వెలుగుకి మెరిసే టేపు అంటించాలి. చీకట్లో మనిషి తల కొబ్బరికాయంత కూడా కనపడదు, ఆ టేపు మాత్రం దూరం నుంచే మెరుస్తుంది.

టార్చిలు రెండు. ఒకటి అమరం దగ్గర, అంటే బోటు వెనక భాగంలో, నా చేతి పక్కన, ఇంకొకటి అణియంలో, అంటే బోటు ముందు భాగంలో. వెలుగు విషయంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది, ఒక్కసారి సెల్‌ఫోన్ తెర చూస్తే అదంతా పోతుంది. బోటు నడిపేవాడు రాత్రిపూట ఫోను చూడకూడదు. పని చేసుకోవడానికి ఎర్ర కాగితం చుట్టిన చిన్న లైటు చాలు, ఎరుపు కళ్ళని అంతగా చెడగొట్టదు.

ఓడలు

కాకినాడ రేవుకి వచ్చే పోయే ఓడలు మా వేట చోట్లకి దగ్గరగానే తిరుగుతాయి. గ్యాసు బావుల ప్లాట్‌ఫారాలు కూడా ఉన్నాయి. వాటికి 500 మీటర్ల లోపలికి పోకూడదు, చేపలు అక్కడే ఎక్కువని ఎవరు చెప్పినా సరే.

మన లైట్లు ముందు సరిగ్గా ఉండాలి. పొద్దు గూకిన దగ్గర్నుంచి పొద్దు పొడిచేదాకా ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, పైన చుట్టూ కనపడే తెలుపు. వల వేసి ఉన్నప్పుడు పైన ఎరుపు, దాని కింద తెలుపు. ట్రాలింగ్ చేసే, అంటే వలని వెనక ఈడ్చుకుంటూ వెళ్ళే బోటుకైతే ఆకుపచ్చ కింద తెలుపు. వల 150 మీటర్లకి మించి చాచి ఉంటే అది ఎటువైపు ఉందో ఆ దిక్కున ఇంకో తెల్ల లైటు చూపించాలి. చాలా బోట్లు వీటికి బదులు రంగురంగుల ఎల్ఈడీ దండలు కట్టుకుని తిరుగుతున్నాయి. ఓడ మీద ఉన్నవాడికి ఆ దండ చూస్తే మనం ఏమిటో, ఎటు పోతున్నామో ఏమీ అర్థం కాదు.

ఓడ మన మీదికి వస్తోందా లేదా అని తెలుసుకోవడానికి నేను చేసేది ఇది. ఒకే చోట కదలకుండా కూర్చుని, బోటు మీద ఉన్న ఒక కర్రకి సూటిగా ఓడ లైటుని చూస్తాను. బోటు తల తిరగకుండా చూసుకుంటూ కొన్ని నిమిషాల తర్వాత మళ్ళీ చూస్తాను. లైటు కర్రకి పక్కకి జరిగితే ఓడ దాటిపోతుంది. జరగకుండా అక్కడే ఉండి పెద్దదవుతుంటే అది మన మీదికే వస్తోంది. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకేసారి కనపడి, పైనున్న రెండు తెల్ల లైట్లు ఒకదాని మీద ఒకటి నిలువుగా ఉన్నాయంటే దాని ముక్కు సరిగ్గా మన వైపే ఉంది. అప్పుడు "చట్టప్రకారం వాళ్ళే తప్పుకోవాలి" అని కూర్చోకూడదు. పెద్ద ఓడ ఇంజన్ ఆపినా కిలోమీటర్ల దూరం సాగి గానీ ఆగదు. టార్చి వాళ్ళ కళ్ళలోకి కొట్టకుండా మన బోటు మీద, మన వల మీద వెయ్యాలి. ఓడ నుంచి అయిదు పొట్టి కూతలు వినపడ్డాయంటే మీరు ఏం చేస్తున్నారో వాళ్ళకి అనుమానంగా ఉందని అర్థం. వల కోసి వదిలెయ్యాల్సి వస్తే వదిలెయ్యండి. కత్తి అమరం దగ్గరే ఉండాలని చెప్పేది అందుకే.

మనిషి పడిపోతే

పడిపోవడం చూసినవాడు గట్టిగా ఒక్క కేక పెట్టి చెయ్యి అటు చూపించాలి. వాడికి ఆ తర్వాత ఇంకే పనీ లేదు, కన్ను తిప్పకుండా చెయ్యి చూపిస్తూ ఉండటమే. ఇంకొకడు తాడు కట్టిన ఖాళీ డబ్బా విసరాలి. మూత బిగించిన ఇరవై లీటర్ల డబ్బా మనిషిని బాగా తేలుస్తుంది. నడిపేవాడు జీపీఎస్‌లో ఆ చోటు నొక్కి పెట్టి గేరు తీసెయ్యాలి. వల నీళ్ళలో ఉంటే ఇంజన్ పూర్తిగా ఆపెయ్యడమే మంచిది. మనిషి కనపడకపోతే ఇంజన్ ఆపి, అందరూ నోరు మూసుకుని వినాలి. మేం ఆ రాత్రి చెయ్యనిది ఇదే.

దగ్గరికి వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా, మెల్లగా వెళ్ళాలి. తడిసిన మనిషిని చేతులతో పైకి లాగడం ఇద్దరి వల్ల కూడా కాదు. ఒక వల ముక్క బోటు అంచు మీంచి కిందికి వదిలి, దాంట్లోకి మనిషిని దొర్లించి పైకి చుట్టినట్టు లాగండి, తేలిగ్గా వస్తాడు.

ఊపిరి ఆడకపోతే తలకిందులు చేసి తిప్పకండి, పొట్ట నొక్కకండి. మా పెద్దవాళ్ళు అలాగే చేసేవాళ్ళు, దానివల్ల కడుపులోది గొంతులోకి వచ్చి ఇంకా ప్రమాదం. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు అయిదుసార్లు ఊపిరి ఊదాలి. తర్వాత రొమ్ము మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిరులు, మళ్ళీ 30, మళ్ళీ 2. నిమిషానికి వందకి తగ్గకుండా, రొమ్ము అయిదు సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. కోలుకున్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయి ఉంటే ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు.

కబురు అందించడం

సెల్‌ఫోన్ సిగ్నల్ ఉన్నంతవరకు కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093. సిగ్నల్ దాటాక వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టులో 16వ ఛానల్. ప్రాణాపాయంలో ఉన్నామని తెలిపే "మేడే" మాట మూడుసార్లు చెప్పి, బోటు పేరు, ఎక్కడున్నాం, ఏమైంది, ఎంతమంది ఉన్నాం అని ఈ వరసలోనే చెప్పాలి. జీపీఎస్ అంకెలు చదివి చెప్పడం అందరికీ రావాలి, డ్రైవర్ ఒక్కడికే వస్తే ఆ డ్రైవరే నీళ్ళలో పడితే ఎలా? మా బోటులో బడికి వెళ్ళని కళాసీ ఒకడు ఉన్నాడు. తెలిసిన పది అంకెలే కదా అని నెల రోజుల్లో నేర్చుకున్నాడు.

ఇస్రో తయారు చేసిన ప్రమాద సంకేత పరికరం, డాట్ అంటారు, అది ఉంటే బటన్ నొక్కగానే ఉపగ్రహం ద్వారా కోస్ట్ గార్డ్‌కి కబురు వెళ్తుంది. కొత్త రకంలో కబురు అందిందని తిరుగు సమాధానం కూడా వస్తుంది. భయంతో ఉన్నవాళ్ళకి ఆ ఒక్క సమాధానం ఎంత ధైర్యమో చెప్పలేను.

ఎర్ర మంట వెలిగించే ఫ్లేర్లు ఓడో హెలికాప్టరో కనపడ్డాకే వెలిగించాలి. చేతిలో పట్టుకునేది సుమారు ఒక్క నిమిషమే మండుతుంది. గాలి పోయే వైపు, చెయ్యి బారుగా చాచి నీళ్ళ మీదికి పట్టుకోవాలి. బోటులో పడితే డీజిల్ ఉంటుంది. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బరులో కట్టి ఉన్న బోట్లు ముప్పైకి పైగా ఒక్క రాత్రిలో కాలిపోయాయి. ఒడ్డునే అలా అయితే నడిసంద్రంలో ఏమవుతుందో ఆలోచించండి. గ్యాసు పొయ్యి వాడగానే సిలిండర్ దగ్గరే వాల్వు కట్టెయ్యాలి.

ఇంజన్ ఆగిపోతే వెంటనే లంగరు వెయ్యాలి. లోతు ఎక్కువై అందకపోతే వల మూట కట్టి అణియం నుంచి తాడుతో వదిలితే బోటు అలకి ఎదురుగా నిలబడుతుంది, అడ్డం తిరగదు. దిక్కు తెలియకపోతే ధ్రువ నక్షత్రం చూడండి. మన దగ్గర అది చాచిన చేతి పిడికిలిన్నర ఎత్తులోనే ఉంటుంది. దానికి ఎదురుగా నిలబడితే ఎడమ చెయ్యి వైపు మన ఒడ్డు. అలాగని ఈదుకుంటూ బయలుదేరకండి. రాత్రిపూట ఒడ్డు లైట్లు ఎంత దూరంలో ఉన్నా అరమైలు దూరంలో ఉన్నట్టే కనపడతాయి. బోల్తా పడినా బోటు తేలుతున్నంతసేపు దాన్నే పట్టుకుని ఉండాలి.

మొగ

నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే. పాటు నీరు, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పటి నీరు, బయటికి లాగుతుంటే, సముద్రం నుంచి కెరటం లోపలికి వస్తుంటే, ఆ రెండూ తగిలిన చోట అల నిలువుగా లేస్తుంది. పౌర్ణమికి, అమావాస్యకి ఇంకా ఎక్కువ. వరదల తర్వాత ఇసుక మేటలు చోటు మారుతాయి, పోయిన నెల దారి ఈ నెల ఉండదు. అందుకని చీకట్లో మొగలోకి రావద్దు. బయట లంగరు వేసుకుని తెల్లారేదాకా ఆగండి. చేపలు కొంచెం మెత్తబడితే పడనివ్వండి. తప్పనిసరై రావాల్సి వస్తే అందరూ జాకెట్లు బిగించి, వలలు బోటు అడుగుకి దించి, బయట పది నిమిషాలు ఆగి కెరటాల వరస చూడండి. పెద్ద అల దాటాక దాని వీపు మీదే రావాలి, దాన్ని మించిపోకూడదు, వెనకది మనల్ని అందుకోకూడదు. లోపలికి దిగాక మనసు మార్చుకుని బోటు తిప్పకండి.

బయలుదేరే ముందు ఇంట్లో మూడు సంగతులు చెప్పాలి: ఎటు వెళ్తున్నాం, ఎంతమందిమి, ఎన్ని గంటలు దాటితే కబురు చెయ్యాలి. మా ఇంట్లో గోడ మీద సుద్దతో రాసి ఉంటుంది. పొద్దున పది దాటితే మా ఆవిడ ఎవరినీ అడక్కుండా 1554కి ఫోన్ చేస్తుంది. సముద్రం సమాచారం ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ కెరటాల హెచ్చరిక కూడా తనే చూసి చెప్తుంది. ఒకటి రెండుసార్లు తను వద్దంటే ఆగిపోయాం. డీజిల్ మూడు వంతులు చేసుకోండి: వెళ్ళడానికి ఒకటి, రావడానికి ఒకటి, మూడోది ముట్టుకోకూడదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా. ఆ 61 రోజుల్లో జాకెట్ల పట్టీలు లాగి చూడండి, కుట్లు ఊడితే మార్చండి. ఫ్లేర్ల మీద గడువు తేదీ చదవండి. టార్చిలో బ్యాటరీలు తీసి ఉప్పు తుడిచి, మంచినీళ్ళతో గుడ్డ తడిపి తుడిచి, ఆరబెట్టి మళ్ళీ వెయ్యండి. తర్వాత దాన్ని అమరం దగ్గర, కుడిచేతి పక్కన, మేకుకి తగిలించండి.