క్లోజ్డ్-బ్యాక్ హెడ్‌ఫోన్లను అంచనా వేయడం – మూడవ పాఠం: సీల్, కప్పు, తలమీది ఒత్తిడి

రెండు హెడ్‌ఫోన్లను పోల్చే ముందు వాటి శబ్దస్థాయిని సమానం చేసుకునే పద్ధతిని గత పాఠంలో చూశాం. ఒకటి రెండు డెసిబెళ్లు ఎక్కువగా మోగేదే మెరుగైనదిగా తోచడం మన చెవి స్వభావం కనుక, ఆ అభ్యాసం పూర్తిచేయనివారు ముందు దాన్ని ముగించుకుని ఇక్కడికి రావడం మంచిది. సమీక్షలలో ధ్వనికి కొన్ని మార్కులు, సౌఖ్యానికి కొన్ని మార్కులు విడివిడిగా వేయడం పరిపాటి. చెవిని మూసే కప్పుల వెనుకవైపు కూడా మూసి ఉండే క్లోజ్డ్-బ్యాక్ రకానికి ఆ విభజన నిలవదన్నది ఈ పాఠంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యవిషయం. కప్పు అంచునున్న మెత్త, అంటే ప్యాడ్, తలకు ఎంత గట్టిగా, ఎంత సమంగా ఆనుకుంటుందన్న దానిని బట్టే తలకూ చెవికీ హాయి ఉంటుంది, దానిని బట్టే బాస్, అంటే మంద్రధ్వని, ఉంటుంది.

ఇది ఎలా జరుగుతుందో ముందు చూద్దాం. కప్పు, ప్యాడ్, తల ఈ మూడూ కలిసి చెవి చుట్టూ ఒక చిన్న గాలిగదిని ఏర్పరుస్తాయి. తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర డ్రైవర్ (కప్పులో ధ్వనిని పుట్టించే భాగం) చేసే పని ఆ గదిలోని గాలిని ఒత్తడం, వదలడం మాత్రమే. గది మూసుకుని ఉన్నంతవరకు ఆ ఒత్తిడి నేరుగా కర్ణభేరిని చేరుతుంది, కాని ప్యాడ్ అంచున కొద్దిపాటి సందు ఏర్పడినా నెమ్మదిగా మారే ఆ ఒత్తిడికి బయటికి జారిపోయే వ్యవధి దొరుకుతుంది. అందువల్ల లీకు ముందుగా 20 నుంచి 100 హెర్ట్జ్ వరకు ఉన్న ప్రాంతాన్ని తినేస్తుంది, పైనున్న స్వరాలను అంతగా తాకదు. పియానోలోని అతి మంద్రస్వరం 27.5 హెర్ట్జ్, బాస్ గిటారులోని అతి మంద్రమైన తీగ సుమారు 41 హెర్ట్జ్, నష్టపోయేది ఇవే. ఒకే హెడ్‌ఫోన్ గురించి ఒకరు బాస్ ముంచెత్తుతోందని, మరొకరు బాస్ లేనేలేదని వాదించుకుంటున్నప్పుడు ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు, తేడా వారి తలల ఆకారంలో ఉండవచ్చు. (క్లోజ్డ్ అని పేరున్నా చాలా మోడళ్లలో బాస్‌ను తీర్చిదిద్దడానికి తయారీదారులు కావాలనే చిన్న రంధ్రాలు ఉంచుతారు. అవి లెక్కలో భాగం, లీకు కాదు.)

సీల్, అంటే ప్యాడ్ సందు లేకుండా తలకు ఆనుకోవడం, దాని పరీక్షకు ఫోనులో టోన్ జనరేటర్ యాప్ ఒకటి చాలు. ముందు 400 హెర్ట్జ్, ఆపైన 40 హెర్ట్జ్ స్వరాన్ని తక్కువ శబ్దంతో మార్చి మార్చి మోగించాలి. 40 హెర్ట్జ్ మోగుతున్నప్పుడు రెండు కప్పులనూ అరచేతులతో అతి మృదువుగా తల వైపు అదమాలి. స్వరం ఒక్కసారిగా నిండుగా మారి, అదే ఒత్తిడికి 400 హెర్ట్జ్ స్వరం దాదాపు మారకపోతే మీ తలపై ఆ హెడ్‌ఫోన్ లీకవుతున్నట్టే. గట్టిగా అదమకూడదు, ఎందుకంటే ప్యాడ్ అణిగి డ్రైవర్ చెవికి దగ్గరైతే పైస్వరాలు కూడా మారిపోయి పరీక్షకు అర్థం పోతుంది. ఆ తరువాత చూపుడువేలితో ప్యాడ్ అంచు చుట్టూ తడిమి చూడాలి. ఎక్కువమందికి సందు దొరికే చోటు చెవితమ్మెకు వెనుక, దవడ ముగిసి మెడ మొదలయ్యే పల్లంలో ఉంటుంది. హెడ్‌బ్యాండ్‌ను ఒక మెట్టు దించినా పెంచినా, కప్పును కొద్దిగా ముందుకు జరిపినా ఆ పల్లం పూడవచ్చు. కప్పు రెండు దిశలలోనూ తిరిగే నిర్మాణం ఉన్న హెడ్‌ఫోన్లు ఇక్కడ లాభపడతాయి.

కళ్లద్దాలు ధరించేవారు ఇదే పరీక్షను అద్దాలతో ఒకసారి, అద్దాలు తీసి ఒకసారి చేయాలి. మందమైన ప్లాస్టిక్ కాడలకు, సన్నని లోహపు కాడలకు మధ్య తేడా విస్మయపరిచేంత ఉంటుంది. వినేటప్పుడు అద్దాలు ఉంచుకునే అలవాటు ఉంటే మీ తీర్పు కూడా అద్దాలతోనే రాయాలి, ఎవరికోసమో అద్దాలు తీసి రాసిన తీర్పు మీకు పనికిరాదు. లీకు వల్ల పోయిన బాస్‌ను ఈక్వలైజర్‌తో (ఒక్కో ఫ్రీక్వెన్సీ ప్రాంతాన్ని విడిగా పెంచి తగ్గించే సాధనంతో) పూడ్చే ప్రయత్నాన్ని నేను సిఫారసు చేయను. హెడ్‌ఫోన్ పెట్టుకున్న ప్రతిసారీ సందు వేరుగా ఉంటుంది కనుక ఈరోజు సరిపోయిన సవరణ రేపు ఎక్కువో తక్కువో అవుతుంది. ఇదే కారణంతో ధ్వనిని కొలిచే నిపుణులు కూడా హెడ్‌ఫోన్‌ను కొలతయంత్రం మీద పలుమార్లు తీసి పెట్టి, వచ్చిన ఫలితాల సగటును తీసుకుంటారు. మీరూ ఒక్కసారి పెట్టుకుని విన్నదాన్ని నమ్మవద్దు. తీసి, మళ్లీ పెట్టుకుని, అదే పాటలో అదే భాగాన్ని వినండి.

సీల్ కుదిరిన తరువాతే బాస్ ఎంత ఉందన్న ప్రశ్న అడగాలి. ఎంత ఉంటే సరి అన్నదానికి 2013 నుంచి ఆడియో పరికరాల సంస్థ హార్మన్‌లో పరిశోధకుడు షాన్ ఆలివ్ బృందం ప్రచురించిన పరిశోధనలు ఒక ఆధారాన్నిచ్చాయి. మంచి గదిలో అమర్చిన మంచి స్పీకర్లను తలపించే ధ్వనిని, అంటే బాస్ కొద్దిగా ఎత్తుగా ఉన్న ధ్వనిని, ఎక్కువమంది శ్రోతలు ఇష్టపడ్డారని వాటి సారం. అయితే పరిమాణం కంటే నాణ్యతను పట్టుకోవడం కష్టం, అవసరం కూడా. మృదంగం ఎడమవైపు మోత, బాస్ గిటారు ఒకేసారి వినిపించే భాగాన్ని ఎంచుకుని, ప్రతి దెబ్బ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో వేలితో తాళం వేస్తూ వినాలి. ఒక దెబ్బ తోక మరో దెబ్బ మీదికి పాకుతుంటే, పురుషగాత్రం దాని కింద మసకబారుతుంటే, ఎత్తు 100 హెర్ట్జ్ దగ్గర ఆగకుండా 200, 300 హెర్ట్జ్ వరకు పాకిందని అర్థం చేసుకోవచ్చు.

ఇక కప్పు సంగతి. కప్పు వెనుక తెరిచి ఉండే ఓపెన్-బ్యాక్‌లో డ్రైవర్ వెనుక వైపు పుట్టే ధ్వని బయటికి వెళ్లిపోతుంది, క్లోజ్డ్-బ్యాక్‌లో అది గోడకు తగిలి తిరిగి వస్తుంది. గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కనుక, ఎదురెదురు గోడల మధ్య 5 సెంటీమీటర్ల దూరం ఉన్న కప్పులో సుమారు 3,430 హెర్ట్జ్ దగ్గర స్థిరతరంగం (గోడల మధ్యే తిరుగుతూ ఆ స్వరాన్ని పెంచే తరంగం) ఏర్పడుతుంది. మాట స్పష్టతకు కీలకమైన ప్రాంతం అదే. తయారీదారులు కప్పులో ఉన్ని, ఫెల్ట్, ఫోమ్ వంటివి నింపి, గోడలు సమాంతరంగా లేకుండా మలచి దీన్ని అణచడానికి ప్రయత్నిస్తారు; ఎంతవరకు అణిచారన్నదే ఖరీదైన మోడల్‌కు, మామూలు మోడల్‌కు నిజమైన తేడా అని నా అభిప్రాయం. పరీక్షకు సంగీతం కంటే మాట మేలు. మీకు బాగా పరిచయమున్న మనిషి గొంతును, వెనుక వాద్యం లేకుండా, రికార్డు చేసుకుని వినండి. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటే, లేదా కొన్ని అచ్చులు మాత్రమే ముందుకు దూకినట్టు ఉంటే కప్పు మోగుతోంది. అనుమానం తీరకపోతే 1,000 నుంచి 6,000 హెర్ట్జ్ వరకు నెమ్మదిగా పైకి సాగే స్వరాన్ని, అంటే స్వీప్‌ను, మోగించి, ఎక్కడెక్కడ శబ్దం పెరిగిందో రాసుకోవాలి. చెవిగొట్టానికి కూడా 3,000 హెర్ట్జ్ పరిసరాలలో సొంత అనునాదం ఉంటుంది కనుక, అదే స్వీప్‌ను మరో హెడ్‌ఫోన్‌లో విని, రెండింటిలోనూ ఒకేచోట వచ్చిన ఎత్తును చెవి ఖాతాలో, ఒకదానిలోనే వచ్చిన ఎత్తును కప్పు ఖాతాలో వేయడం ప్రారంభదశకు సరిపోయే పద్ధతి.

సౌఖ్యానికి మొదటి పది నిమిషాలు సాక్ష్యం కావు. నిజానికి పట్టు వదులుగా ఉన్న హెడ్‌ఫోనే ఆ పది నిమిషాలలో హాయిగా తోస్తుంది, తల తిప్పగానే సీల్ వదిలేసేది కూడా అదే. కనీసం ఒక గంట మామూలు పని చేసుకుంటూ ధరించి, నడినెత్తి, దవడ కీలు, చెవి పైఅంచు, ఈ మూడు చోట్ల ఏం తెలుస్తోందో మధ్యమధ్య చూసుకోవాలి. నడినెత్తిన నొప్పి హెడ్‌బ్యాండ్ మెత్త చాలనందువల్ల, దవడ దగ్గర నొప్పి పట్టు ఎక్కువైనందువల్ల వస్తుంది. చెవి వెళ్లి కప్పు లోపలి గుడ్డకు ఆనుతుంటే ఆ కప్పు లోతు చాలలేదన్నమాట, దీనికి మందమైన ప్యాడ్ తప్ప మందు లేదు. బరువు అంకెలను చూసి మోసపోకూడదు. సోనీ ఎండీఆర్-7506 సుమారు 230 గ్రాములు, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 270 గ్రాములు, ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ 285 గ్రాములు. వీటిలో ఏది ఎక్కువసేపు హాయిగా ఉంటుందన్నది ఆ అంకెల వరుసను బట్టి చెప్పలేం, ప్యాడ్ విస్తీర్ణాన్ని, పట్టు పంపకాన్ని చూడాలి. పట్టు మరీ ఎక్కువైతే హెడ్‌బ్యాండ్‌ను పుస్తకాల దొంతర మీద ఒక రాత్రి సాగదీసి ఉంచడం చాలామంది చేసే పని. ఉక్కుపట్టీ ఉన్నవాటికి అది సరే, ప్లాస్టిక్‌వి విరిగే ప్రమాదం ఉంది.

ప్యాడ్ మార్చితే ధ్వని కూడా మారుతుందని మరచిపోకూడదు. కృత్రిమ తోలు ప్యాడ్ సీల్‌ను బాగా నిలుపుతుంది కాని చెమట పట్టిస్తుంది. మఖమల్ లాంటి వెలోర్ బట్ట చల్లగా ఉంటుంది కాని గాలిని కొంత వదిలి బాస్‌ను పలుచన చేస్తుంది. పాతబడి అణిగిపోయిన ప్యాడ్ డ్రైవర్‌ను చెవికి దగ్గర చేస్తుంది కనుక, వాడిన హెడ్‌ఫోన్‌ను పరీక్షించేటప్పుడు ముందు ప్యాడ్ల వయసు అడిగి తెలుసుకోవాలి.

బయటి శబ్దాన్ని ఆపడంలో కూడా సీల్‌దే పెత్తనం, కాని అది పైస్వరాలను ఆపినంతగా ఇంజను గురగురను ఆపదు. ఆగిన మేరకు వాల్యూమ్ తగ్గించుకోవడం అసలు లాభం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి సూచించే హద్దు 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ వ్యవధి సగమవుతుంది.

ఈ పాఠానికి అభ్యాసం: మీ హెడ్‌ఫోన్‌ను మూడు వేర్వేరు రోజులలో, ప్రతిసారీ తీసి మళ్లీ పెట్టుకుంటూ, 40 హెర్ట్జ్ పరీక్షతో, మాట పరీక్షతో, గంటసేపటి ధారణతో పరిశీలించి, తేదీ వేసి రాయండి. తల వంచినప్పుడు, నోరు తెరిచినప్పుడు బాస్ ఎలా మారిందో ప్రత్యేకంగా రాయాలి. తరువాతి పాఠంలో ట్రెబుల్‌కు, అంటే పైస్వరాలకు, వెళ్తాం. స, శ అక్షరాలు ఎక్కువగా ఉన్న వాక్యాలను పరిచితమైన గొంతులో రికార్డు చేసి సిద్ధంగా ఉంచుకోండి.