ఆర్ నుంచి సీఎస్‌వీ తీస్తే డేటా ఎక్కడ చెడుతోంది?

అనంతపురం వైపు ఆర్ అనే, గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాషలో పనిచేసేవాళ్ల చేతికి వచ్చే డేటా చాలావరకు ఒకే తరహాలో ఉంటుంది: రైతు పేరు, మండలం, సర్వే నంబరు, వేరుశనగ ఎకరాలు, పంట రుణం. ఆర్‌లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. సీఎస్‌వీగా (గళ్ల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైలుగా) రాసి ఎక్సెల్‌లో తెరిచాకే తలనొప్పి మొదలు.

సమస్య ఏదైనా ముందు ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడ సరిగ్గా ఉంటే అది ఎక్సెల్ చేసిన పని. అక్కడే చెడి ఉంటే మీ కమాండ్ చూసుకోవాలి. కింద కమాండ్లు తెలుగులో రాశాను, కొట్టేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

సర్వే నంబర్లు తేదీలైపోయాయి

ఉరవకొండ జాబితాలో 212/4 అలాగే ఉంది, 12/3 మాత్రం మార్చి 12 అయి కూర్చుంది. ఇంటి నంబరు 4-11 కాస్తా నవంబరు 4. కాలమ్‌లో కొన్నే మారతాయి కాబట్టి పైపైన చూస్తే దొరకదు.

తేదీలా కనిపించిన ప్రతిదాన్నీ ఎక్సెల్ తేదీ చేసేస్తుంది. కొటేషన్ గుర్తులున్నా వినదు. కోడ్లను కూడా ఇలాగే సంఖ్యలు చేసేస్తుంది, వాటి ముందున్న సున్నాలు ఎగిరిపోయేది అందుకే. కాబట్టి ఫైలు మీద డబుల్ క్లిక్ చేయకండి. ఎక్సెల్‌లో డేటా ట్యాబ్‌కి వెళ్లి ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెరిచి, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చుకుని లోడ్ చేయండి. ఎవరైనా ఇప్పటికే తెరిచి సేవ్ కొట్టేసి ఉంటే ఆ ఫైలు మీద ఆశ వదులుకోండి. అది మొదట 12/3నో 12-3నో ఇక తెలియదు, ఆర్ నుంచి మళ్లీ తీయాల్సిందే.

అవతలి ఆఫీసువాళ్లు ఎలాగూ డబుల్ క్లిక్కే చేస్తారు. వాళ్లకు ఇదంతా వివరించే కంటే ఆర్‌కి అదనంగా కలుపుకునే రైట్‌ఎక్స్‌ఎల్ (writexl) ప్యాకేజీతో నేరుగా ఎక్సెల్ ఫైలే చేసి పంపడం నయం. ఆర్‌లో సర్వే నంబరు క్యారెక్టర్‌గా (సంఖ్యగా కాక అక్షరాలుగా) ఉంటే అందులోనూ టెక్స్ట్‌గానే ఉంటుంది.

లక్ష రుణం ‘1ఈ+05’ అయింది

ఇది నోట్‌ప్యాడ్‌లోనే కనిపిస్తుంది, అంటే ఆర్ పనే. 95000 బాగానే ఉంటుంది, 125000 బాగానే ఉంటుంది. సరిగ్గా లక్ష, రెండు లక్షలు ఉన్నచోటే తేడా. ఆర్ ప్రతి సంఖ్యకూ ఏ రూపం పొట్టిగా ఉంటే అది రాస్తుంది. 100000కి ఆరు అక్షరాలు, 1ఈ+05కి (1 పక్కన ఐదు సున్నాలని అర్థం) ఐదే. ఎక్సెల్ దాన్ని లక్షగానే చదువుకుంటుంది గానీ, అంకెలు మాత్రమే ఒప్పుకునే అప్‌లోడ్ పేజీలు తిప్పికొడతాయి. ఎక్స్‌పోర్ట్‌కి ముందు ఆప్షన్స్‌లో సైపెన్ (scipen) = 999 అని పెడితే చాలు.

తెలుగు పేర్లు పిచ్చి గీతల్లా వస్తున్నాయి

నోట్‌ప్యాడ్‌లో తెలుగు చక్కగా ఉండి ఎక్సెల్‌లోనే చెడితే, ఫైలు మొదట్లో ఉండాల్సిన బామ్ గుర్తు లేదన్నమాట. అది లేకపోతే ఫైలు యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలూ పట్టే కోడింగ్ పద్ధతి) అని ఎక్సెల్ పోల్చుకోలేదు. రీడ్ఆర్ ప్యాకేజీలో రైట్_ఎక్సెల్_సీఎస్‌వీ వాడితే ఆ గుర్తు దానంతటదే పడుతుంది. డేటా.టేబుల్ ప్యాకేజీ వాడేవాళ్లు ఎఫ్‌రైట్‌లో బామ్ = ట్రూ ఇవ్వాలి.

నోట్‌ప్యాడ్‌లో కూడా అక్షరాల బదులు యూ+0సీ30 లాంటి కోడ్లు కనిపిస్తే మీ విండోస్‌లో ఉన్నది పాత ఆర్. 2022లో వచ్చిన 4.2.0 నుంచి, కొత్త విండోస్‌ల మీద ఆర్ యూటీఎఫ్-8లోనే నడుస్తుంది. పాతదాంతో కుస్తీ పట్టకుండా అప్‌డేట్ చేసుకోండి.

చిన్నాచితకవి

మొదట్లో 1, 2, 3 అంటూ పేరులేని కాలమ్ వస్తే, ఫైలు రాసే రైట్.సీఎస్‌వీ కమాండ్‌లో రో.నేమ్స్ = ఫాల్స్ ఇవ్వండి. ఇవ్వకుండా అదే ఫైలును చదివి, రాసి, మళ్లీ చదివితే ప్రతిసారీ ఒక కొత్త కాలమ్ పుట్టుకొస్తుంది. అలాంటిదే ఇంకో కమాండ్ రైట్.టేబుల్‌లో హెడింగులు ఒక గడి ఎడమకు జరిగినా మందు ఇదే.

‘పర్మిషన్ డినైడ్’ అంటే టెన్షన్ వద్దు, చాలాసార్లు ఆ ఫైలు ఎక్సెల్‌లో తెరిచి ఉంటుంది. మూసేసి మళ్లీ రన్ చేయండి.

‘పాత ఊరు, గుత్తి’ లాంటి అడ్రసు రెండు కాలమ్‌లుగా విడిపోతే కోట్ = ఫాల్స్ పెట్టారేమో చూడండి, తీసేయండి. అవతలి సాఫ్ట్‌వేర్ కొటేషన్లు వద్దంటే కామా బదులు ట్యాబ్ వాడాలి. దానికి రైట్.సీఎస్‌వీలో సెప్ (గళ్లను విడదీసే గుర్తు) మార్చి లాభం లేదు, ఒక వార్నింగ్ ఇచ్చి కామాలే వేస్తుంది. రైట్.టేబుల్‌కి మారండి.